పాత ఓడ చవకే, నడపడమే ఖరీదు: ఫిలిప్పీన్స్ నౌకాదళం గురించి నా జవాబు

"ఫిలిప్పీన్స్ లాంటి దేశం తక్కువ బడ్జెట్‌తో నౌకాదళాన్ని ఎలా బాగుచేసుకోవాలి? పెద్ద దేశాలు పక్కన పెట్టేసిన ఓడలు చవగ్గా తీసుకుంటే సరిపోదా?" అని అడిగారు.

నేను మన నౌకాదళంలో 15 ఏళ్లు ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా (యంత్రాలు నడిపి, బాగుచేసే సాంకేతిక నావికుడిగా) చేశాను, ఎక్కువ కాలం విశాఖలోనే. బయటికి వచ్చాక తొమ్మిదేళ్లు సరుకు ఓడల మీద ఇంజనీరుగా తిరిగాను. ఆ తొమ్మిదేళ్లూ నా చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది ఫిలిప్పినోలే. అందుకే ఈ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. రాడార్లూ తుపాకుల లెక్కలూ మిగతావాళ్లు చెబుతారు. నేను ఇంజిన్ రూమ్ నుంచి చూసింది చెబుతాను.

నేను పనిచేసిన ఓడల్లో ఒకటి 27 ఏళ్ల వయసున్న బల్క్ క్యారియర్, అంటే బొగ్గూ ధాన్యం లాంటి విడి సరుకు మోసే ఓడ. యజమాని దాన్ని బాగా చవగ్గా కొన్నాడు. ఒక రాత్రి రెండు గంటలకి బిల్జ్ అలారం (ఓడ అడుగున నీళ్లు చేరితే మోగే గంట) మోగింది. కింది ప్లేట్లు ఎత్తి టార్చి వేస్తే, సముద్రపు నీటి పైపు వంపు తిరిగే చోట చిల్లు. నీళ్లు చిమ్ముతున్నాయి. నేను కర్ర మేకు తీసుకుని కొట్టబోతే సెకండ్ ఇంజనీరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊరివాడు, నన్ను "పారే" అని పిలిచేవాడు, వాళ్ల భాషలో నేస్తం అని. "కొడితే చిల్లు పెద్దదవుతుంది పారే, చూడు" అని వేలితో నొక్కాడు. చుట్టూ ఉన్న ఇనుము బిస్కెట్‌లా విరిగింది. రబ్బరు షీటు చుట్టి, క్లాంపులు బిగించి, దాని చుట్టూ చెక్కలతో పెట్టె కట్టి సిమెంటు పోశాం. తొందరగా గట్టిపడాలని అందులో వాషింగ్ సోడా కలిపాడు. సిమెంట్ బాక్స్ అంటారు దీన్ని. ఆ నెలలోనే పంపు షాఫ్టు పోయింది. పంపు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొలతలు తీసుకుని ఒడ్డున లేత్ షాపులో కొత్తది తయారు చేయించేసరికి 11 రోజులు లంగరు వేసుకుని కూర్చున్నాం. ఓడ కొన్నప్పుడు మిగిలిన డబ్బు అలా కరిగిపోయింది. అదే యుద్ధనౌక అయితే ఆ 11 రోజులూ ఆ దేశానికి ఒక ఓడ లేనట్టే.

ఫిలిప్పీన్స్ ఈ బాధ దశాబ్దాల పాటు పడింది. 7,641 దీవుల దేశం. అయినా అమెరికా స్థావరాలు ఉన్నంతకాలం సముద్రం సంగతి వాళ్లు చూసుకుంటారులే అనుకున్నారు, డబ్బంతా లోపలి తిరుగుబాట్లను అణచడానికి సైన్యం మీద పోయింది. 1992లో సుబిక్‌లోని అమెరికా నౌకాస్థావరం ఖాళీ అయింది. 1995లో ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ రీఫ్ అనే సముద్రపు దిబ్బ మీద చైనా కట్టడాలు కనిపించాయి. ఆ ఏడాదే సైన్యాన్ని ఆధునీకరించే చట్టం చేశారు కానీ, 1997 ఆర్థిక సంక్షోభంతో డబ్బు ఆగిపోయింది. చివరికి 1943లో నీళ్లలోకి దించిన రాజా హుమబోన్ అనే ఓడని 2018 దాకా నడిపారు. అమెరికా, జపాన్ వాడేశాక వీళ్ల చేతికి వచ్చిన ఓడ అది. అంతకాలం దాన్ని తేలుతూ ఉంచిన ఇంజిన్ రూమ్ మనుషులకి నేను చేతులెత్తి దండం పెడతాను. వాళ్ల పనితనం నాకు తెలుసు. ఆ దేశానికి మనుషుల కొరత లేదు, కొరతల్లా విడిభాగాలకే.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. పాత ఓడ తీసుకోవచ్చు. కానీ ఇచ్చినవాడు అదే తరగతి (అంటే ఒకే నమూనాలో కట్టిన) ఓడల్ని ఇంకా నడుపుతుంటేనే దానికి సామాను దొరుకుతుంది. వాడు ఆ తరగతిని మొత్తం వదిలించుకుంటుంటే మాత్రం, మనకి ఇచ్చిన రోజు నుంచే విడిభాగాల కరువు మొదలవుతుంది. 2011లో ఫిలిప్పీన్స్ తీసుకున్న గ్రెగోరియో డెల్ పిలార్ 1967 నాటి అమెరికా కోస్ట్ గార్డ్ నౌక. అమెరికా ఆ తరగతి మొత్తాన్నీ వరసగా సేవ నుంచి తప్పించేసింది. డీజిళ్లతో పాటు 1960ల నాటి గ్యాస్ టర్బైన్లు, పెద్ద సిబ్బంది, బోలెడు ఇంధనం. దక్షిణ కొరియా 2019లో పొహాంగ్ తరగతి కార్వెట్ (చిన్న యుద్ధనౌక) ఒకదాన్ని పేరుకి 100 డాలర్లకే ఇచ్చింది. ధర చూసి సంబరపడకూడదు, నడిపే ఖర్చు ఆ కాగితం మీద ఉండదు. ఇండోనేషియా 1990లలో పాత తూర్పు జర్మనీ ఓడలు 39 కొంది. కొన్న ధరకి ఎన్నో రెట్లు బాగుచేయడానికి అడిగారు. ఆ ఖర్చు మీద మంత్రుల మధ్య వచ్చిన గొడవని రాసినందుకు టెంపో అనే వారపత్రికని 1994లో మూయించారు కూడా.

మనమూ ఇచ్చాం. ఐఎన్ఎస్ కిర్పాన్ 2023 జూన్ 28న విశాఖ నుంచి బయలుదేరి వియత్నాం చేరింది. 32 ఏళ్లు పనిచేసిన ఓడ, ఆయుధాలతో సహా ఇచ్చాం. అప్పటికి అదే తరగతి ఓడలు మన దగ్గర ఇంకా నడుస్తున్నాయి. నేను పైన చెప్పిన తేడా అదే.

ఫిలిప్పీన్స్ గత పదేళ్లలో చేసిన మంచి పని, నా దృష్టిలో, ఓడలు కట్టే ఒకే యార్డుని పట్టుకోవడం. దక్షిణ కొరియాలోని ఉల్సాన్‌లో హ్యుందాయ్ నుంచి 2016లో 2 ఫ్రిగేట్లు (కార్వెట్ కంటే పెద్ద యుద్ధనౌకలు; హోసే రిజాల్ తరగతి, దాదాపు 16 బిలియన్ పెసోలు), 2021లో ఇంకో 2 (మిగెల్ మల్వార్ తరగతి, 28 బిలియన్లు), 2022లో 6 గస్తీ ఓడలు (30 బిలియన్లు). మొత్తం పది ఓడలు. ఒకే చోట శిక్షణ, ఒకే రకం డ్రాయింగులు, సామాను గురించి అడగడానికి ఒకే గుమ్మం. ఈ సుఖం ఎలాంటిదో నాలుగు దేశాల పంపులు ఒకే ఓడలో రిపేరు చేసినవాడికే తెలుస్తుంది. రిజాల్‌లో నిలువుగా క్షిపణులు వదిలే గొట్టాలకి చోటు మాత్రం వదిలి, గొట్టాలు పెట్టకుండానే తెచ్చుకున్నారు. చాలామంది దాన్ని తప్పుపట్టారు. నేను సమర్థిస్తాను. ఆయుధం తర్వాతైనా బిగించుకోవచ్చు, కరెంటూ చోటూ చాలని ఓడని ఎవరూ పెంచలేరు. అయితే ఆ "తర్వాత" ఎప్పుడో బడ్జెట్‌లో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

గస్తీ భారం కోస్ట్ గార్డ్ మీదికి మార్చడం కూడా తెలివైన పని. జపాన్ రుణంతో వచ్చిన తెల్ల ఓడలు రోజూ చైనా ఓడలకి ఎదురు నిలబడుతుంటే, యుద్ధనౌకల ఇంజిన్ల గంటలు మిగులుతాయి. 2022 జనవరిలో మన బ్రహ్మోస్ కోసం దాదాపు 375 మిలియన్ డాలర్లకి ఒప్పందం చేసుకున్నారు, 2024 ఏప్రిల్‌లో మొదటి విడత అందింది. లారీ మీద తీరంలో తిరిగే క్షిపణికి డ్రై డాక్ (ఓడని నీళ్లు తోడేసి బాగుచేసే రేవు) అక్కర్లేదు, దాని అడుగున నాచు పట్టదు. తక్కువ డబ్బున్న దేశానికి ఇంతకంటే మంచి బేరం నాకు కనిపించలేదు.

జలాంతర్గాములు కూడా కొనాలని వాళ్ల ప్రణాళికలో ఉంది. ఇక్కడ మాత్రం నేను గట్టిగా వద్దంటాను, కనీసం ఈ పదేళ్లకి. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గాలా కనిపించకుండా పోయినప్పుడు, మన లోతు సముద్ర రక్షక వాహనం విశాఖ నుంచే బయలుదేరింది. నేను సర్వీసులో లేను, అయినా ఆ నాలుగు రోజులూ ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. చివరికి 838 మీటర్ల లోతున మూడు ముక్కలై దొరికింది. 53 మంది చనిపోయారు. కాపాడే ఓడ, బాగుచేసే యార్డు, ఏళ్ల తరబడి శిక్షణ లేకుండా ఆ లోతుకి పిల్లల్ని పంపకూడదు.

ఇప్పుడు జపాన్ సేవ నుంచి తప్పిస్తున్న అబుకుమా తరగతి యుద్ధనౌకల్ని ఫిలిప్పీన్స్ తీసుకునే మాట నడుస్తోంది. ఆరు ఓడలు, 1989 నుంచి 1993 మధ్య సేవలోకి వచ్చినవి. తీసుకుంటే ఆరూ తీసుకోవాలి, ఒకటో రెండో సామాను కోసమే ఒడ్డున ఉంచేలా. చూడటానికి వెళ్లే బృందంలో అడ్మిరల్ పక్కన ఇలోయిలో మా సెకండ్ లాంటివాడు ఒకడు ఉండాలి. వాడు ముందు ముక్కున ఉన్న తుపాకీ దగ్గరికి పోడు. ఇంజిన్ రూమ్‌లోకి దిగి, ప్లేట్లు ఎత్తించి, సముద్రపు నీటి పైపు వంపుల మీద చిన్న సుత్తితో తట్టి వింటాడు.