యూని-మైండ్‌లో ఎటర్నల్స్ ఏమవుతారు?

మార్వెల్ కథల్లోని అమర వీరులైన ఎటర్నల్స్ తమ శక్తులను కలిపి ఒక్కటయ్యే స్థితే యూని-మైండ్. 2021లో వచ్చిన 'ఎటర్నల్స్' సినిమాలో అది ఏర్పడినప్పుడు ఎవరి శరీరం వారికే ఉందని, కామిక్స్‌లో మాత్రం అందరూ మాయమై ఒక్కటైపోయారని, వీటిలో ఏది సరైనదో తేలడం లేదని మీరు అడిగారు. రెండూ సరైనవే. అవి వేర్వేరు కథాప్రపంచాలు కాబట్టి, ఒకదాని నియమాన్ని మరొకదానికి వర్తింపజేస్తే ఈ చిక్కు తప్పదు.

జాక్ కిర్బీ 1976లో మొదలుపెట్టిన కామిక్స్‌లో ఎటర్నల్స్ శరీరాలూ మనసులూ కలిసిపోయి, మెదడు ఆకారంలో గాలిలో తేలే ఒకే మహారూపం ఏర్పడుతుంది. పని ముగిశాక ఎవరికి వారు విడివడి తమ రూపాలను తిరిగి పొందుతారు కనుక అది మరణం కాదు. అలాగని ప్రమాదం లేదనుకోకండి: 1980 నాటి 'థోర్' 300వ సంచికలో ఎటర్నల్స్‌ను సృష్టించిన మహాకాయులైన సెలెస్టియల్స్ ఆ రూపాన్ని ఛేదించినప్పుడు ఎటర్నల్స్ నాయకుడు జూరాస్ ప్రాణాలే పోయాయి. బలంతో పాటు దెబ్బను కూడా కలిసే భరించాలన్న ఆ ఘట్టమే ఈ కల్పనకు ప్రాణమని నా గట్టి నమ్మకం.

సినిమాలో కలయిక ఇంత గాఢమైనది కాదు. ఎటర్నల్స్‌లో ఒకడైన ఫాస్టోస్ తయారుచేసిన కంకణాలు వారిని అనుసంధానిస్తాయి, ఆ శక్తి పదార్థాన్ని మార్చగల సెర్సీ అనే ఎటర్నల్‌కు చేరి, భూగర్భం నుంచి పుట్టుకొస్తున్న సెలెస్టియల్ టియాముట్‌ను రాయిగా మార్చడానికి తోడ్పడుతుంది. మీరు ముందుగా కిర్బీ 'ఎటర్నల్స్' కామిక్స్ 12వ సంచిక చదివి, ఆ తరువాత 'థోర్' 300వ సంచిక చూడండి.