పాలకేంద్రానికి యాప్: దేనితో రాయాలి?

ప్రశ్న: మేడం, మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాన్న ఇంటిముందే పాలకేంద్రం నడుపుతారు. రెండు పూటలా లీటర్లు, ఫ్యాట్ పుస్తకంలో రాసుకుని పదిరోజులకోసారి లెక్కకట్టి డబ్బులిస్తారు. నేను బీసీఏ చదివాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ వచ్చు. ఈ లెక్కలకు యాప్ చేద్దామంటే ఆండ్రాయిడ్‌కు కోట్లిన్, ఐఫోన్‌కు స్విఫ్ట్ విడివిడిగా నేర్చుకోవాలా? వెబ్ పేజీల భాషలతోనే యాప్ చేసే అయానిక్ అనే టూల్‌తో అయితే ఒక్కసారి రాస్తే చాలంటున్నారు. కానీ దాన్ని మూసేస్తున్నారని నా ఫ్రెండ్ భయపెడుతున్నాడు. (పేరు వేయవద్దన్నారు)

జవాబు: రెండు భాషలూ వద్దు. మీకొచ్చిన జావాస్క్రిప్ట్ చాలు, అయానిక్‌తో మొదలుపెట్టండి.

మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. అయానిక్ 2013లో అమెరికాలో డ్రిఫ్టీ అనే చిన్న కంపెనీలో పుట్టింది. 2022లో అవుట్‌సిస్టమ్స్ కొనేసింది. 2025 ఫిబ్రవరిలో ఆపేస్తున్నామని చెప్పింది డబ్బు కట్టి వాడుకునే సేవలను, అంటే క్లౌడ్‌లో యాప్ బిల్డ్ చేసిపెట్టే యాప్‌ఫ్లో వంటివాటిని. వాటి పాత ఖాతాదారులకు కూడా 2027 చివరిదాకా గడువిచ్చారు. మీకు కావలసింది ఆ సరుకు కాదు, ఓపెన్ సోర్స్ భాగం. అది ఎంఐటీ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతుంది. మీ కంప్యూటర్‌లోకి దించుకున్న కోడ్‌ను రేపు ఎవరూ వచ్చి పట్టుకుపోలేరు.

ఇది పనిచేసే తీరు మాత్రం ముందే తెలుసుకోండి. మీరు రాసిన పేజీలు ఫోన్‌లోని వెబ్‌వ్యూలో నడుస్తాయి. అడ్రస్ బార్ లేని బ్రౌజర్ అనుకోండి. కెమెరా, బ్లూటూత్ లాంటివాటిని అందుకోవడానికి మధ్యలో కెపాసిటర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒకప్పుడు ఆ పని కార్డోవా చేసేది. పాత వీడియోల్లో ఇంకా అదే కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. యాంగ్యులర్, రియాక్ట్, వ్యూ... ఈ జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కుల్లో ఏది వస్తే దానితో రాయొచ్చు.

బ్రౌజర్ లాంటిదే కదా అని లెక్కలన్నీ లోకల్ స్టోరేజ్‌లో, అంటే బ్రౌజర్ తనలో దాచుకునే చోట పెట్టేరు! నేను పెట్టాను. మా అన్నయ్యకు వాటర్ ప్లాంట్ ఉంది. ఏ ఇంటికి ఎన్ని క్యాన్లు వేశాం, ఎన్ని ఖాళీవి తిరిగొచ్చాయి అని రాసుకోవడానికి యాప్ చేసిచ్చాను. ఆయనది సెకండ్‌హ్యాండ్ ఐఫోన్, పెళ్లి వీడియోలతో నిండిపోయి ఉండేది. ఒకరోజు పొద్దున్నే వదిన ఫోన్. ‘‘అమ్మాయ్, మీ అన్నయ్య అరుస్తున్నారు, యాప్‌లో ఒక్క పేరూ లేదట!’’ ఫోన్‌లో జాగా తగ్గితే వెబ్‌వ్యూ దాచుకున్నదాన్ని సిస్టమ్ తుడిచేయవచ్చని కెపాసిటర్ వాళ్లు రాసే ఉంచారు. నేనే చదవలేదు. నలభై ఇళ్ల లెక్క మళ్లీ గడపగడపకూ వెళ్లి అడిగి రాసుకున్నాం. కొందరు ఖాళీ క్యాన్లు ఎప్పుడో ఇచ్చేశామన్నారు, ఏమంటాం! మీరు మొదటిరోజు నుంచే ఎస్‌క్యూలైట్ (ఫోన్‌లోనే ఉండే చిన్న డేటాబేస్) ప్లగిన్ వాడండి. సిగ్నల్ లేకపోయినా పూట లెక్క ఆగదు. ఫోన్ పోతే అదీ పోతుంది కాబట్టి రోజూ రాత్రి ఒక కాపీ బయటికి పంపేలా చూసుకోండి.

చీటీలు ప్రింట్ చేద్దామనుకుంటే, ప్రింటర్ కొనేముందు దాని బ్లూటూత్ ఏ రకమో అడగండి. చవక థర్మల్ ప్రింటర్లు చాలావరకు పాత క్లాసిక్ రకం. కెపాసిటర్‌కు ఎక్కువమంది వాడే బ్లూటూత్ ప్లగిన్ బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) రకానికే పనికొస్తుంది. ఈ రెండూ కలవవు. కోడ్ తప్పేమోనని రెండు రాత్రులు జుట్టు పీక్కుంటారు.

ఇంకో చిన్న సంగతి, ఇంగ్లిష్ పాఠాల్లో దొరకదు. రైతుల పేర్లు తెలుగులో పెడతారు కదా, వరుస ఎత్తు ఇరుకైతే కింది వత్తులు తెగిపోతాయి. నా మొదటి స్క్రీన్‌లో వెంకటేశ్వర్లు గారు ‘వెంకటేశరు’ అయి కూర్చున్నారు. లైన్ హైట్ 1.6 ఇస్తే సరిపోయింది.

ఐఫోన్ సంగతి ఇప్పుడే ఎత్తుకోకండి. కోడ్ ఒకటే అయినా, బిల్డ్ చేయడానికి మ్యాక్ కంప్యూటర్, అందులో యాపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్ కావాలి. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏటా 99 డాలర్లు. ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు గానీ, కొత్తగా సొంత పేరుతో ఖాతా తెరిచినవాళ్లు కనీసం 12 మందితో 14 రోజులు వరసగా టెస్ట్ చేయించాలి. వాడేది మీ నాన్నగారొక్కరే అయినప్పుడు ఈ టెన్షన్ ఎందుకు? ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) నేరుగా ఆయన ఫోన్‌లో వేయండి. పాలు పోసేవాళ్లకు యాప్ అక్కర్లేదు, చీటీ చాలు. తర్వాతెప్పుడైనా సర్వర్ పెట్టుకుంటే, ఇవే పేజీలను వెబ్‌సైట్‌గా కూడా తెరవొచ్చు. ఎవరి లెక్క వాళ్లు లింక్ నొక్కి చూసుకుంటారు.

ముందుగా రైతు పేరు, పూట, లీటర్లు, ఫ్యాట్, రేటు ఉన్న ఒకే ఒక్క స్క్రీన్ చేయండి. అంకెల గడి నొక్కగానే నంబర్ల కీబోర్డే రావాలి. నాన్నగారి చేతులు తడిగా ఉంటాయి, బటన్లు పెద్దవి పెట్టండి. రెండు బిల్లుల పాటు పుస్తకంలోనూ యాప్‌లోనూ రాయించండి. తేడా వస్తే డబ్బులు పుస్తకం ప్రకారమే ఇవ్వమనండి.