రెండు సగటులను పోల్చబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ పరిశోధనలో రెండు సమూహాల సగటులు వేరుగా వచ్చాయనీ, ఆ తేడా నిజమైనదా, యాదృచ్ఛికంగా వచ్చిందా అని తేల్చుకోవడానికి టి-టెస్ట్ అనే గణాంక పరీక్ష చేయబోతున్నాననీ రాశావు. అంతకుముందు ఒక పాత పట్టికను కాగితం మీద లెక్కగట్టి చూడమని నా సలహా. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్, 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ఈ పరీక్షకు పునాది వేసిన వ్యాసంలో ఉదాహరణగా వాడినది అది. గణాంకాల లెక్కలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో 'స్లీప్' అన్న పేరుతో దొరుకుతుంది. పదిమంది రోగులకు అదనంగా పట్టిన నిద్ర మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండోదానితో 2.33 గంటలు, తేడా 1.58.

ఈ తేడా ఎంత గట్టిదో దాన్ని మాత్రమే చూసి చెప్పలేము. మందులు రెండూ ఒకేలా పనిచేసినా, మనుషుల మధ్య సహజంగా ఉండే వ్యత్యాసం వల్ల సగటులు కొంత అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. ఆ ఊగిసలాటకు కొలత ప్రామాణిక దోషం, తేడాను దానితో భాగిస్తే వచ్చేది టి విలువ.

ఆ ఇరవై అంకెలూ ఇరవైమందివి అనుకుంటే ప్రామాణిక దోషం 0.85, టి 1.86, పి-విలువ (అసలు తేడా లేకున్నా ఇంత లేదా ఇంతకుమించిన టి రావడానికి ఉన్న అవకాశం) దాదాపు 0.08 వస్తాయి కాబట్టి, అది 0.05 లోపు ఉండాలని అలవాటుగా పెట్టుకునే హద్దు ప్రకారం తేడా నిలవదు. కానీ రెండు మందులూ వేసుకున్నది ఆ పదిమందే. ఒక్కొక్కరి తేడాను విడిగా తీసి ఆ పది తేడాలనే పరీక్షిస్తే, మనిషికీ మనిషికీ ఉన్న వ్యత్యాసం చాలావరకు కొట్టుకుపోయి, ప్రామాణిక దోషం 0.39కి దిగి, టి 4.06కి ఎక్కుతుంది, పి-విలువ 0.003 లోపే. అంకెలు మారలేదు, జతలు గుర్తించామంతే. అందుకే నీ కొలతలు ఒకే మనుషులవా, వేరువేరు మనుషులవా అన్నది మొదట తేల్చుకో.

ఆ పది తేడాలను వరుసగా రాసి కూడా చూడు. తొమ్మిది 0 నుంచి 2.4 లోపు ఉండగా ఒకటి మాత్రం 4.6. దాన్ని తీసేస్తే సగటు తేడా 1.24కి తగ్గుతుంది, టి మాత్రం 5.6 దాటుతుంది! చెదురు, అంటే అంకెలు సగటు నుంచి అటూ ఇటూ పరుచుకున్న తీరు, తగ్గడమే కారణం. అలాగని తీసేయమనడం లేదు.

నీవి నిజంగా వేరువేరు సమూహాలైతే, రెండింటి చెదురూ సమానమని ముందే అనుకోని వెల్చ్ పద్ధతిని వాడు. ఆర్ తనంతట తాను చేసేదీ అదే. పి-విలువను 'తేడా లేకపోవడానికి ఉన్న అవకాశం' అని మాత్రం రాయకు. తేడా లేదనుకున్నప్పుడు ఇంత లేదా ఇంతకుమించిన టి రావడానికి ఉన్న అవకాశం అది. దానితోపాటు తేడా పరిధిని కూడా ఇవ్వు: ఈ పట్టికలో జతల లెక్కన 95 శాతం విశ్వాస అంతరం 0.70 నుంచి 2.46 గంటలు. రెండో మందు ఎంత మేలో వైద్యుడికి చెప్పేది ఆ రెండు అంకెలే.

నీ మేనమామ