డాలస్‌లో ఆదివారం టిఫిన్ ఎక్కడ?

సెలవుకు హన్మకొండ వచ్చి పది రోజులైంది. మా వాడకట్టు అమ్మాయి ఒకతె చదువుకు అమెరికాలో నేనుండే డాలస్‌కు వస్తోంది. వీసా, ఫీజులు, రూము అన్నీ అడిగి, పోబోతూ గడప దగ్గర ఆగి అసలు సందేహం బయటపెట్టింది: "అక్కా, ఆదివారం పొద్దున టిఫిన్‌కు ఏం చేస్తరు అక్కడ?"

నవ్వొచ్చింది కానీ, కొత్తలో నన్ను ఏడిపించింది కూడా ఇదే. వారమంతా పరుగుల్లో ఏదో ఒకటి తిని గడిపేస్తాం. ఆదివారం లేవగానే మాత్రం చౌరస్తా బండి, వేడి ఇడ్లీ మీద జారే పల్లి చట్నీ గుర్తొస్తాయి.

ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు తెలుగువాళ్లు బాగా ఉన్నారు. టిఫిన్లు అమ్మే హోటళ్లూ ఉన్నాయి. వాటి గురించి దిగిన రోజే నలుగురు చెప్తారు కాబట్టి నేను చెప్పను. ఒక్క మాట మాత్రం. దోశ కోసం వారం వారం అటే పోతే, ఇంటి దగ్గరి దోశతో పోల్చుకుని గొణుక్కుంటూ తినడమే మిగులుతుంది. నేను రెండేళ్లు అదే చేశాను.

మన దగ్గర మంచి బండిని ఎట్లా కనిపెడతాం? బోర్డు చూసి కాదు. పొద్దున ఆరింటికే ఆటోవాళ్లు, పాలవాళ్లు ఎక్కడ నిలబడి తింటున్నారు, తొమ్మిదిన్నరకే "పూరీ అయిపోయింది" అని ఎక్కడ అంటున్నారు, అది చూస్తాం. డాలస్‌లోనూ అట్లాగే చూడాలి. బయట పనివాళ్ల ట్రక్కులు ఆగి ఉన్న చిన్న మెక్సికన్ దుకాణం కనిపిస్తే లోపలికి వెళ్లు. కొన్ని పెట్రోల్ బంకుల్లోనే ఉంటాయి, మొహం చిట్లించకు. ఫోన్‌లో వెతికితే స్టార్ల లెక్క కన్నా కొత్తగా పెట్టిన ఫొటోలు చూడు. మధ్యాహ్నం ఒంటి గంటకో రెండింటికో మూసేస్తారని ఉంటే అది పొద్దుటి తిండి మీదే బతికే చోటని అర్థం.

అక్కడ తినాల్సింది బ్రేక్‌ఫస్ట్ టాకో. గుడ్డు, ఆలుగడ్డ కలిపి వేయించి రొట్టెలో చుట్టి ఇస్తారు. రొట్టె మైదాదా, మక్కదా అని అడుగుతారు. మక్కదే అడుగు. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రుబ్బి చేస్తారు కాబట్టి దానికో ప్రత్యేకమైన వాసన ఉంటుంది. మక్క రొట్టె తిన్న నోటికి అది పరాయిది అనిపించదు. పక్కన ఇచ్చే పచ్చ సల్సా అనే చట్నీ ఉంది చూడు, అది మన పచ్చిమిరప తొక్కుకు చుట్టమే.

మాంసం సంగతి మాత్రం ముందే తెలుసుకో. చొరీసో అనే మసాలా కీమా సాసేజ్ దాదాపు ఎప్పుడూ పంది మాంసమే. బ్రిస్కెట్ అంటే ఆవు రొమ్ము మాంసం. బీన్స్‌లో కూడా పంది కొవ్వు వేసే చోట్లు ఉన్నాయి, కాబట్టి అడగాలి. మనకు ఆదివారం అంటే తలకాయ కూర, బోటి ఎట్లాగో, వాళ్లకు శని, ఆదివారాల్లో బార్బకోవా, మెనూడో అట్లాగ. టెక్సస్‌లో మొదటిది సాధారణంగా ఆవు తలకాయ మాంసం, రెండోది ఆవు బోటి పులుసు. తినేవాళ్లు లొట్టలేసుకుంటూ తింటారు. తినని వాళ్లు పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

నాకు ఈ జాగ్రత్త వచ్చింది దెబ్బ తిన్నాకే. మొదటి నెలలో ఒక డైనర్‌లో, అంటే అక్కడి మామూలు హోటల్లో, మెనూ మీద "బిస్కెట్స్ అండ్ గ్రేవీ" అని చూశాను. బిస్కెట్లు తెలుసు, గ్రేవీ తెలుసు, ఇంకేం అనుకున్నాను. బన్ను లాంటిది, దాని మీద తెల్లటి చిక్కటి పులుసు వచ్చాయి. సగం తిన్నాక తెలిసింది, అది పంది సాసేజ్ కొవ్వులో మైదా, పాలు కలిపి కాచింది అని. వడ్డించిన ఆవిడ పాపం ఎందుకు బాగాలేదని మూడుసార్లు అడిగింది.

ఇక బ్రంచ్. టిఫిన్, మధ్యాహ్నం భోజనం కలిపి పదింటి నుంచి రెండింటి దాకా నింపాదిగా కూర్చుని తినేది. చర్చి అయ్యాక జనం ఒక్కసారిగా వస్తారు, పదకొండు దాటాక పోతే గంటసేపు బయట నిలబడాల్సిందే. తొమ్మిదికే పో. కాఫీ పలుచగా ఉంటుంది కానీ, చాలా చోట్ల కప్పు ఖాళీ అయితే ఊరికే మళ్లీ పోస్తారు. బిల్లు చూసి కంగారుపడకు: మెనూలో ఉన్న ధర మీద 8.25 శాతం పన్ను, ఆపైన 18 నుంచి 20 శాతం టిప్పు. 15 డాలర్ల ప్లేటు 19 దాటుతుంది. టిప్పు ఎగ్గొట్టకు. టిప్పులతో కలిపి కనీస కూలి నిండితే, వడ్డించేవాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుందని అక్కడి చట్టం, కాబట్టి వాళ్ల సంపాదనలో ఎక్కువ భాగం మనం పెట్టేదే. కౌంటర్ దగ్గర పార్సిల్ తీసుకుంటే మాత్రం డబ్బు కట్టే స్క్రీన్ అడిగినంత టిప్పు ఇవ్వాలని లేదు.

ఇంకో సంగతి, ఇది అమ్మాయిలకే చెప్తాను. హన్మకొండలో బండి దగ్గర నేను ఒక్కదాన్నే నిలబడి తిన్న రోజు లేదు. నాన్నో తమ్ముడో పార్సిల్ తెచ్చేవాళ్లు, పొట్లం విప్పేసరికి వడ మెత్తబడేది. డాలస్‌లో మొదటిసారి ఒక్కదాన్నే బల్ల ముందు కూర్చుని వేడిగా తిన్నాను. ఎవరూ తలెత్తి చూడలేదు.

కారు కొన్నాకో, కారున్న స్నేహితులు దొరికాకో, వేకో అనే పట్నం వైపు పోయే హైవే మీద వెస్ట్ అనే చిన్న ఊళ్లో ఆగు. చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊరు అది. పండ్ల ముద్ద పెట్టి కాల్చే కొలాచీలనే బన్నులు అక్కడ ప్రసిద్ధి. ఆప్రికాట్‌ది తిను. సాసేజ్ పెట్టినవీ ఉంటాయి, మళ్లీ అదే ప్రశ్న అడగాలి.

అంతా విని ఆ అమ్మాయి, "మరి పల్లి చట్నీ అక్కా?" అంది.

పల్లీలు అక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. మీ అమ్మ మిక్సీ మాత్రం సూట్‌కేసులో పెట్టనియ్యకు. ఇక్కడి కరెంటు 230 వోల్టులు, అక్కడిది 120. అక్కడే కొనుక్కో.