తేడా ఏడాదికి 5 వేలు కాదు, నాలుగేళ్లకు 72 వేలు

ప్రశ్న: మేము అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో ఉంటున్నాం. అందరికీ పౌరసత్వం ఉంది. మా ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి 1,45,000 డాలర్లు. మా అమ్మాయికి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలోనూ, ఇదే రాష్ట్రంలో 2 వేల మంది చదివే ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలోనూ సీటు వచ్చింది. జీవశాస్త్రం చదువుతానంటోంది. యూనివర్సిటీకి హాస్టల్, భోజనంతో సహా ఏడాదికి 31 వేలవుతుంది. చిన్న కాలేజీ ఖర్చు 82 వేలు. అందులో 46 వేలు సాయం ఇస్తామన్నారు కాబట్టి మాకు పడేది 36 వేలే. 5 వేల తేడా కోసం పిల్ల మనసు కష్టపెట్టడం ఎందుకని నాకు అనిపిస్తోంది. మావారేమో ‘ఆ కాలేజీ పేరు ఎవరికైనా తెలుసా?’ అంటున్నారు. పిల్లల చదువు కోసం పన్ను లేకుండా కూడబెట్టే 529 ఖాతాల్లో అమ్మాయికి 90 వేలు, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయికి 12 వేలు ఉన్నాయి. జీతాల్లోంచి ఏడాదికి మరో 15 వేలు ఇవ్వగలం. చాలకపోతే తల్లిదండ్రుల పేరు మీద ప్రభుత్వమిచ్చే పేరెంట్ ప్లస్ రుణం తీసుకోవాలా, మియాపూర్‌లో ఉన్న ఫ్లాట్ అమ్మాలా? అందులో మా అత్తగారు ఉంటున్నారు, ఆమెకు నెలకు 600 డాలర్లు పంపుతున్నాం. అద్దె రాదు కదా అని ఆ ఫ్లాట్‌ను ఆర్థిక సాయం ఫారాల్లో చూపించలేదు.

జవాబు: మీరు జత చేసిన కాలేజీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ‘ఆర్థిక సాయం’ అన్న శీర్షిక కింద మూడు వరుసలున్నాయి. మొదటిది కాలేజీ గ్రాంటు, 38 వేలు. రెండోది ఫెడరల్ డైరెక్ట్ లోన్, 5,500. మూడోది వర్క్ స్టడీ, 2,500. మూడూ కూడి అడుగున 46 వేలని వేశారు. కానీ రెండో వరుస మీ అమ్మాయి వడ్డీతో తీర్చాల్సిన అప్పు. మూడోది ఆమె క్యాంపస్‌లో పని చేస్తే వచ్చే కూలి. సెమిస్టరు మొదట్లో ఫీజు కట్టడానికి అది చేతిలో ఉండదు. నిజంగా తగ్గేది 38 వేలే. అంటే మొదటి ఏడాది మీకు పడేది 44 వేలు, తేడా 13 వేలు.

అక్కడితో అయిపోలేదు. ఉత్తరం చివరి పేజీలో గ్రాంటు నాలుగేళ్లూ ఇదే మొత్తం అని ఉంది. ఫీజు మాత్రం ఇదే ఉంటుందని ఎక్కడా లేదు. ఏడాదికి 4 శాతం పెరుగుతుందనుకుని లెక్క వేశాను. మీ వాటా రెండో ఏడాది 47,280, మూడో ఏడాది సుమారు 50,700, నాలుగో ఏడాది 54,200 అవుతుంది. మొత్తం 1,96,000 పైచిలుకు. ఒహాయో స్టేట్‌లో ఆ బెడద లేదు. 2017 నుంచి అక్కడ చేరే ఒహాయో విద్యార్థులకు మొదటి ఏడాది ట్యూషను, హాస్టలు, భోజనం ధరలే నాలుగేళ్లూ వర్తిస్తాయి. కాబట్టి 1,24,000. తేడా 72 వేలు.

ఇప్పుడు మీ దగ్గరున్నది చూద్దాం. 529లో 90 వేలు, జీతాల్లోంచి 60 వేలు. దీనికి మీరు రాయని ఇంకో 10 వేలు కలపండి. ఉమ్మడి ఆదాయం 1,60,000 దాటని దంపతులకు అమెరికన్ ఆపర్చునిటీ టాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గించే మొత్తం) ఏడాదికి 2,500 వరకు పూర్తిగా దొరుకుతుంది, నాలుగేళ్లు. దానికోసం ఏటా 4 వేల డాలర్ల ట్యూషను 529లోంచి కాకుండా జీతం డబ్బుతో కట్టాలి. ఫీజంతా 529లోంచే కట్టేసి ఈ క్రెడిట్ పోగొట్టుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను. మీరు ఆ పొరపాటు చేయకండి.

అంతా కలిపి 1,60,000. ఒహాయో స్టేట్ అయితే 36 వేలు మిగులుతుంది. 529 లబ్ధిదారును మార్చి ఆ మిగులును తమ్ముడికి పన్ను లేకుండా ఇవ్వవచ్చు. చిన్న కాలేజీ అయితే దాదాపు అంతే లోటు. తమ్ముడి ఖాతాలో అదే 12 వేలు. అక్క నాలుగో ఏడాదిలో ఉండగానే అతను కాలేజీలో చేరతాడు. ఇద్దరు ఒకేసారి చదివితే ఇదివరకు ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం దరఖాస్తు) లెక్కలో దొరికే వెసులుబాటును 2024-25 నుంచి తీసేశారు.

ఆ లోటు పూడ్చడానికి పేరెంట్ ప్లస్ వద్దు. 2025-26లో దాని వడ్డీ 8.94 శాతం, పైగా తీసుకున్న రోజే 4 శాతానికి పైగా రుసుము కోస్తారు. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఏడాదికి 20 వేలు, ఒక్కో బిడ్డకు మొత్తం 65 వేలు అని పరిమితి కూడా పెట్టారు. మీ అమ్మాయి పేరు మీద వచ్చే ఫెడరల్ రుణం దానికన్నా చాలా నయం. నాలుగేళ్లకు అది 27 వేల వరకే ఇస్తారు. అంతా వాడినా ఇంకా 9 వేలు తక్కువే.

ఫ్లాట్ అమ్మవద్దు. అత్తగారిని ఈ వయసులో ఇల్లు మార్చమనడం డబ్బుతో తేలే విషయం కాదు. డబ్బు లెక్కలోనూ అది కలిసిరాదు. ప్రవాసులు అమ్మితే కొనేవారు టీడీఎస్ పట్టుకోవాలి, లాభాన్ని అమెరికా రిటర్నులోనూ చూపాలి. కానీ ఫారాల్లో దాన్ని చూపకపోవడం తప్పు. మీరు నివసించే ఇంటికి ఫాఫ్సాలో మినహాయింపు ఉంది, ఇంకో దేశంలో ఉన్న రెండో ఇంటికి లేదు, అద్దె వచ్చినా రాకపోయినా. తెలిసి దాస్తే 20 వేల డాలర్ల వరకు జరిమానా, జైలు కూడా పడవచ్చని ఆ ఫారమే చెబుతుంది. ఈ వారమే సరిదిద్దండి. తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతమే ఏటా చదువుకు ఇవ్వగలరని ఫాఫ్సా లెక్క వేస్తుంది. 90 వేల డాలర్ల ఫ్లాట్ అయితే ఏడాదికి 5 వేలు. కాలేజీ తన సొంత సూత్రం వాడితే గ్రాంటు ఎంతో కొంత తగ్గవచ్చు, దానికి సిద్ధపడండి.

మీవారి సందేహానికి వస్తాను. మనవాళ్లలో చాలామంది లిబరల్ ఆర్ట్స్ అనగానే బొమ్మలు వేయడం అనుకుంటారు. అక్కడ గణితం, భౌతికశాస్త్రం, ఆర్థికశాస్త్రం అన్నీ ఉంటాయి. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ ఆవిష్కర్తల్లో ఒకరు, ఇంటెల్ వ్యవస్థాపకుల్లో ఒకరు అయిన రాబర్ట్ నాయిస్ 1949లో డిగ్రీ తీసుకున్నది అయోవాలోని గ్రినెల్ అనే చిన్న కాలేజీలోనే. జీవశాస్త్రం చదివే పిల్లకు అక్కడ ఒక పెద్ద మేలుంది. పీహెచ్‌డీ విద్యార్థులుండరు కాబట్టి ల్యాబులో ప్రొఫెసర్ పక్కన నిలబడేది డిగ్రీ పిల్లలే. రేపు పై చదువుకు సిఫారసు లేఖ రాసే మనిషికి మీ అమ్మాయి చేతిపని తెలిసి ఉంటుంది. ఒహాయో స్టేట్‌లో ల్యాబులకు కొదవ లేదు, కానీ తలుపు తట్టాల్సింది తనే. మొదటి ఏడాది వందల మంది కూర్చునే హాలులో పాఠాలు వింటుంది. నోరు విప్పి అడగలేని పిల్లయితే అది నిజంగా లోటే. దాన్ని కొంత తగ్గించడానికి మెరిట్ పిల్లలకు చిన్న తరగతులుండే ఆనర్స్ విభాగానికి దరఖాస్తు చేయించండి.

అమ్మాయి రాసిన ఐదు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షల్లో 5కు 4, 5 స్కోర్లు వచ్చాయన్నారు. ఒహాయోలోని ప్రభుత్వ యూనివర్సిటీలు 3 వచ్చినా ఆ సబ్జెక్టు చదివేసినట్టు క్రెడిట్ ఇవ్వాలి. ఒక్క సెమిస్టరు తగ్గినా 15,500 మిగులుతుంది. చిన్న కాలేజీ ఎన్ని క్రెడిట్లు ఒప్పుకుంటుందో రాతపూర్వకంగా అడగండి.

ఈ అంకెలతో అయితే నా సలహా ఒహాయో స్టేటే. అయినా అమ్మాయి అంతగా కోరుకుంటున్న చోటును అడగకుండా వదలకండి. కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి. అందులో ఫ్లాట్ సంగతి ఒప్పుకోండి, అత్తగారికి నెలనెలా పంపుతున్న 600 డాలర్లకు బ్యాంకు కాగితాలు జతచేయండి, మీ లోటు ఎంతో అంకెల్లో చెప్పండి. వాళ్లు గ్రాంటు ఏడాదికి ఇంకో 6 వేలు పెంచితే లోటు 12 వేలకు దిగుతుంది. ఆ మాత్రం అప్పు ఆ పిల్ల మోయగలదు, నేను సరే అంటాను. తమ్ముడి కోసం మాత్రం మీరు వెంటనే కొత్తగా కూడబెట్టాలి.

ఉత్తరం పంపే ముందు ఈ లెక్క అమ్మాయికి చూపించండి, కాలేజీ పంపిన ఉత్తరాన్ని మూడో వరుస దాకా తననే చదవమనండి. మే 1 లోపు పెంపు రాకపోతే ఒహాయో స్టేట్‌కు డిపాజిట్ కట్టేయండి.