ఫోన్ ఎత్తగానే మార్కులు అడగకండి

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. శనక్కాయ సాగు చేస్తాం. పాప ఎనిమిది దాకా ఊరి హైస్కూల్లో ఎప్పుడూ ఫస్టే. ఈ ఏడు తొమ్మిదిలో టౌన్లో ప్రైవేటు స్కూలు హాస్టల్లో చేర్పించాం. ఇప్పుడు లెక్కల్లో వందకు 38. ఫోన్ చేస్తే 'నాయనా, ఇంటికొచ్చేస్తా' అని ఏడుస్తోంది. వాళ్ల పెద్దనాయన కూతురు అక్కడే బాగా చదువుతోంది. 'నీ కోసం వడ్డీకి తెచ్చినాం, గుర్తుపెట్టుకో' అని వారం వారం చెప్తూనే ఉన్నా. శ్రద్ధ తగ్గిందా? వెనక్కి తెచ్చుకోవాలా?
– ఒక తండ్రి

సమాధానం: శ్రద్ధ లేని పిల్ల ఇంతగా ఏడవదండీ. మీరు వారం వారం చెప్తున్న ఆ మాటే నన్ను ఆలోచనలో పడేసింది. పరీక్షలో ఒక స్టెప్పు గుర్తు రాలేదనుకోండి. వెంటనే వడ్డీ, అక్క మార్కులు, మీ గొంతు మెదులుతాయి. టెన్షన్‌లో ఉన్నప్పుడు అంకెలు మనసులో పెట్టుకుని చేసే పనే ముందు దెబ్బతింటుంది. లెక్కలంటే అదే కదా! వచ్చిన లెక్క కూడా తప్పిపోతుంది.

స్కూలు వైపు నుంచీ చూడండి. ఊళ్లో సారుకు మీ పాపే కాదు, మీ ఇల్లూ తెలుసు. అర్థం కాకపోతే లేచి అడిగేది. ఇక్కడ తనెవరో ఎవరికీ తెలియదు. 'నాకు రాలేదు' అనడానికే భయం. ఇలా రెండు పాఠాలు వదిలేస్తే మూడోది ఎక్కదు.

ఈ ఆదివారం మీరే వెళ్లండి. బయటికి తీసుకెళ్లి ఉగ్గాని, బజ్జీ తినిపించండి. ఆ పూట మార్కులు, అప్పు, పెద్దనాయన కూతురు – మూడూ ఎత్తొద్దు. అప్పు మీది, పెద్దవాళ్లు మోయాల్సింది. రాత్రి ఎన్నింటికి పడుకుంటోంది, ఎన్నింటికి లేపుతున్నారో మాత్రం అడగండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. స్టడీ అవర్స్ దాన్ని మింగేస్తుంటే వార్డెన్‌తో మాట్లాడండి.

తర్వాత లెక్కల టీచర్ని కలిసి ఆన్సర్ పేపరు చూపించమనండి. మార్కు కంటే పేపరే ఎక్కువ చెబుతుంది. మొదలుపెట్టి మధ్యలో తప్పితే అది ప్రాక్టీసుతో సర్దుకుంటుంది. పేజీలు ఖాళీగా వదిలేసి ఉంటే పాత పాఠాల్లోనే ఎక్కడో ఆగిపోయిందని అర్థం. ఆ పాఠాలు మళ్లీ చెప్పడానికి వారంలో ఏ రోజు, ఎవరు కూర్చుంటారో తేల్చుకునే రండి. 'చూస్తాంలెండి' అంటే లేవొద్దు.

కొడుతున్నారా, అందరి ముందు తిడుతున్నారా అన్నది కూడా మెల్లగా కనుక్కోండి. బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. అదే జరుగుతుంటే ఫీజు పోయినా సరే, తెచ్చేసుకోండి. లేదంటే మరో రెండు నెలలు చూడండి. పదో తరగతి పరీక్షలకు ఇంకా ఏడాదికి పైనే ఉంది. అప్పటికీ పాప తేరుకోకపోతే ఊరి హైస్కూలుకు తిరిగి రావడంలో నామోషీ ఏముంది? అక్కడ చదివే కదా ఫస్టు వచ్చింది!

తిండి మానేసినా, 'బతకాలని లేదు' లాంటి మాట అన్నా మాత్రం రెండు నెలలు కాదు, ఒక్క రోజు కూడా ఆగొద్దు. వెంటనే ఇంటికి తెచ్చి డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.