నాన్న జావా కోసం చిట్టీ పాడుకోవచ్చా?

ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు రాశారు, పేరు వేయొద్దన్నారు. ఆయన ఉత్తరం కాస్త కుదించి ఇస్తున్నాను.

"మా నాన్నగారు 1972లో కొన్న జావా 250 మోటార్‌సైకిల్ ఉంది. ఆయన 2011లో పోయారు. అప్పటి నుంచి బండి నాగోల్‌లో మా అక్కవాళ్ల ఇంటి వెనక వేపచెట్టు కింద ఎండకూ వానకూ ఒక టార్పాలిన్ కప్పుకుని అలాగే ఉంది. ఆర్‌సీ దొరికింది, రెన్యువల్ 2014తో అయిపోయింది. దాన్ని బాగు చేయించి వారానికి రెండు రోజులైనా ఆఫీసుకి వేసుకెళ్లాలని నా కోరిక. మెకానిక్ మొత్తం 1,65,000 అవుతుందన్నాడు. నాకు చేతికి 74,000 వస్తుంది. ఇంటి లోన్‌కి 21,000, చిట్టీకి 10,000, ఇంటి ఖర్చులూ పిల్లల ఫీజులూ 36,000. దసరాకి 45,000 బోనస్ ఇస్తారు. ఎఫ్‌డీలో 90,000 ఉంది. చిట్టీ 5 లక్షలది, 50 నెలలు, 22 కట్టేశాను, పాప ఇంటర్ కోసం వేసింది. ఇప్పుడు పాడితే 3,90,000 చేతికొస్తుంది. చిట్టీ పాడుకోనా, పర్సనల్ లోన్ తీసుకోనా, మా ఆవిడ గాజులు పెట్టనా? బాగు చేశాక 3 లక్షలు పలుకుతుందని స్నేహితులు అంటున్నారు కాబట్టి ఇది పెట్టుబడే కదా?"

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా మూడూ దాని మీదే నిలబడి ఉన్నాయి. ఇది పెట్టుబడి కాదండి. మీ ఉత్తరంలో నేను పైన వేయని ఒక వాక్యం ఉంది, నాన్నగారు మిమ్మల్ని పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాద్ తీసుకెళ్లేవారని, చల్లగాలికి కళ్లు మూసుకుంటే హారన్ నొక్కమనేవారని. అలా రాసిన మనిషి ఆ బండిని 3 లక్షలకి కాదు, 5 లక్షలకి కూడా అమ్మడు. అమ్మని వస్తువు ధర పెరిగితే మీ ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు. ఇక 3 లక్షలన్న స్నేహితులు చెప్పేది అమ్మేవాళ్లు అడుగుతున్న ధర, కొనేవాళ్లు ఇచ్చిన ధర కాదు. ఇది మీకు ఇష్టమైన ఖర్చు. నాన్న జ్ఞాపకం మీద ఖర్చు పెట్టుకునే హక్కు మీకుంది, దానికి పెట్టుబడి అన్న ముసుగు అక్కర్లేదు. ఆ పేరు పెట్టగానే అప్పు చేయడానికి మనసు ఒప్పేసుకుంటుంది, నా భయం అదే.

ఇక చిట్టీ. ఇప్పుడు పాడితే 1,10,000 వదులుకుంటున్నారు. మీకు కావాల్సింది 1,65,000, దాని కోసం 1,10,000 పోగొట్టుకోవడం ఏం లెక్క? మిగతా డబ్బు ఎఫ్‌డీలో వేస్తానంటారేమో, ఆ వడ్డీతో ఈ పాట నష్టం పూడదు. పైగా మీ పాప ఇప్పుడు తొమ్మిదిలో ఉందన్నారు, మిగిలిన 28 నెలలు లెక్కేసుకుంటే చిట్టీ అయ్యేది పాప ఇంటర్ చదువుతున్న వేళకే. ముందుచూపుతో వేసుకున్న చిట్టీ అది, ముట్టుకోవద్దు.

పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లకి తీసుకున్నారనుకుందాం. నెలకు దాదాపు 5,640 కట్టాలి, చివరికి 2,03,000 కడతారు, అంటే వడ్డీయే 38,000. మీ లెక్క ప్రకారం నెలకి మిగిలేది 7,000. అందులో 5,640 పోతే 1,360తో నెల ఎలా నెట్టుకొస్తారు, ఇంట్లో ఒకరికి డెంగీ వస్తే పరిస్థితి ఏంటి? గాజుల సంగతికొస్తే, ఉత్తరం రెండుసార్లు చదివాను, మీ ఆవిడని అడిగినట్టు ఎక్కడా లేదు. అడిగినా వద్దనే అంటాను. తాకట్టు పెట్టిన బంగారం విడిపించడానికి కూడా ఆ మిగిలే 7,000లోంచే తీయాలి కదా.

మీరు అడగని విషయం ఒకటుంది, దాని గురించే ఎక్కువ చెప్పాలి. కాగితాలు. రెంచి పట్టుకునే ముందు కాగితం పట్టుకోవాలి. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన వారసుల్లో అక్క కూడా ఒకరు, అమ్మగారు ఉంటే ఆమె కూడా. మీసేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి అప్లై చేయండి, అక్క దగ్గర అభ్యంతరం లేదని సంతకం తీసుకోండి, యజమాని చనిపోయాక పేరు మార్పిడికి ఉండే ఫారం 31తో బండిని మీ పేరు మీదకి తెచ్చుకోండి. పద్నాలుగేళ్లు తన పెరట్లో పెట్టుకున్న అక్క ఇప్పుడేమీ అనదు. కానీ లక్షన్నర పెట్టి తళతళలాడించాక మేనల్లుడు "మామయ్యా, తాతయ్య బండి నాకు కావాలి" అంటే ఇద్దరి మధ్యా మాటలు వస్తాయి. ఇలాంటివి నేను చాలా చూశాను, పొలాల దగ్గరే కాదు, కుట్టుమిషన్ల దగ్గర కూడా.

తర్వాత రిజిస్ట్రేషన్. మీకు రెండు దారులున్నాయి. ఒకటి మామూలు రెన్యువల్, ఐదేళ్లకి చేస్తారు. 20 ఏళ్లు దాటిన టూవీలర్‌కి ఫీజు 2,000. ఆలస్యమైన ప్రతి నెలకూ 300 అదనం, అంటే ఏడాదికి 3,600, ఆపైన పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. మీది 2014 నుంచి ఆగిపోయింది కాబట్టి ఆలస్య రుసుము ఏ తేదీ నుంచి వేస్తారో ఖైరతాబాద్‌లోనో, మీ ఏరియా ఆర్‌టీఏ ఆఫీసులోనో అడిగి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఏజెంట్ నోటి మాట నమ్మొద్దు.

రెండోది 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన టూవీలర్లకూ కార్లకూ ఇది వర్తిస్తుంది, మీ బండి 2022లోనే దాటేసింది. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, పాత ఆర్‌సీ ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. నాన్నగారి నంబర్ ప్లేటు అలాగే ఉంటుందన్నమాట. అయితే దీంట్లో రెండు మెలికలున్నాయి. రోజువారీ అవసరాలకి రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకీ వింటేజ్ ర్యాలీలకీ, పెట్రోల్ పోయించడానికీ, రిపేరుకీ మాత్రమే తీయాలి. రెండో మెలిక ఇంకా ముఖ్యం. బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి "ఈ ఇంజన్ పోయింది సార్, జుమ్మెరాత్ బజార్‌లో ఇంకోటి దొరుకుతుంది, అది ఎక్కించేద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ఒక్క పూటలో అయిపోయే ఆ పని మీ బండి వింటేజ్ హోదాని పోగొడుతుంది, ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరూ బండి మీదున్న నంబరూ కలవకుండా పోతాయి.

నన్నడిగితే వింటేజ్ దారే మీకు సరిపోతుంది. ఆఫీసుకి వేసుకెళ్లే కోరిక వదులుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ, డ్రమ్ బ్రేకులతో, 50 ఏళ్ల టూస్ట్రోక్ ఇంజన్‌ని వారానికి రెండు రోజులు తోలితే ఏటా ఒక రిపేరు బిల్లు ఖాయం. దారి ఏదైనా ఇన్సూరెన్స్ లేకుండా గేటు దాటొద్దు. 150 నుంచి 350 సీసీ మధ్య బళ్లకి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 1,366, పన్ను అదనం.

ఇప్పుడు మెకానిక్ లెక్క. మీరు పంపిన ఫోటోలో ఇలా ఉంది: ఇంజన్ 45,000, క్రోమ్ 28,000, పెయింట్ 22,000, చక్రాలూ టైర్లూ స్పోకులూ 24,000, వైరింగూ లైట్లూ 14,000, సీటూ రబ్బర్లూ కేబుళ్లూ 12,000, లేబర్ 20,000. ఇంజన్ విప్పారా అని మిమ్మల్ని ఫోన్‌లో అడిగాను, లేదన్నారు. విప్పకుండా చెప్పిన 45,000 ఊహే. పద్నాలుగు వానాకాలాలు తడిసిన బండిలో పిస్టన్ అది కదిలే గొట్టానికి, అంటే బోరుకి, తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది, క్రాంక్ బేరింగులూ సీళ్లూ పోయి ఉంటాయి. బోరు లోపల అరగదీయించి (దాన్నే బోరింగ్ అంటారు) ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే ఒక ఖర్చు, క్రాంక్ మొత్తం విప్పి కట్టాల్సొస్తే ఇంకో ఖర్చు. ఇంజన్ విప్పి చూపించడానికి విడిగా కూలి మాట్లాడుకోండి, బోరింగ్ పని బాలానగర్ లేత్ షాపుల్లో ఒకరిద్దరిని అడగండి. ఆ ఒక్క లెక్క తేలాకే మిగతావి. అలాగే జావా పేరు 2018లో మళ్లీ వచ్చింది కదా, షోరూంలో స్పేర్లు దొరుకుతాయని అనుకోకండి. అవి ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లు, మీ టూస్ట్రోక్‌కి ఒక్క సామానూ కలవదు. మన దగ్గర ఈ పాత బళ్లు తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా కంపెనీ 1996లోనే మూతపడింది. పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో వెతకాలి, దొరికేవాటిలో కొత్తగా చేసినవే ఎక్కువ, నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. జులై రెండో ఆదివారం జావా, అదే కంపెనీ యెజ్డీ బళ్లవాళ్లు జావా డే జరుపుకుంటారు. ఆ రోజు వెళ్లి, ఇప్పటికే బాగు చేయించుకున్న వాళ్లతో మాట్లాడండి, ఏ సామాను ఎంతకి తెచ్చారో దాచుకోకుండా చెబుతారు.

మరి డబ్బు ఎక్కడిది? మిగిలే 7,000లో 4,000 బండి పేరు మీద ఆర్‌డీ వేయండి, 3,000 అత్యవసర నిధికి. బోనస్ కూడా సగం సగం. రెండేళ్లలో బండికి 96,000, రెండు దసరాల సగాలు 45,000, మొత్తం 1,41,000. మెకానిక్ లెక్కలో క్రోమూ పెయింటూ పక్కన పెట్టేయండి, 1,15,000 అవుతుంది. దానికి వింటేజ్ ఫీజు 20,000, ఇన్సూరెన్స్, ఇప్పుడు చేయాల్సిన ప్రథమ చికిత్సకి 3,000 కలిపినా 1,40,000 లోపే. ఇంజన్ ఖర్చు పెరిగితే ఇంకో ఆరు నెలలు ఆగండి, అప్పు మాత్రం వద్దు. అటు ఎఫ్‌డీ 90,000కి రెండేళ్ల అత్యవసర నిధి 72,000, బోనస్ మిగతా సగాలు 45,000 కలిస్తే 2,07,000. లోనూ చిట్టీతో కలిపి నెలకి 67,000 చొప్పున మీ ఇల్లు మూడు నెలలు నడవడానికి 2,01,000 కావాలి కాబట్టి అదీ తీరుతుంది. క్రోమూ పెయింటూ ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు. నిజానికి ఆ ట్యాంకు పెయింట్ అలాగే ఉంచేయమంటాను. ఫోటోలో ఎడమ పక్క మోకాలు తగిలే చోట రంగు అరిగి ఉంది చూడండి, అది నాన్నగారి మోకాలు.

పని అప్పగించేటప్పుడు ఒక జాగ్రత్త, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మా నాన్నగారి ఆల్విన్ పుష్పక్ స్కూటర్‌ని ఒక మెకానిక్‌కి ఇచ్చి, మొత్తం డబ్బు ముందే కట్టేశాను. ఎనిమిది నెలల తర్వాత షాపు మూసేశాడు. స్కూటర్ దొరికింది గానీ కార్బొరేటరూ స్పీడోమీటరూ లేవు, ఏవి విప్పాడో నా దగ్గర లిస్టు కూడా లేదు. ఆ స్పీడోమీటర్ ఇప్పటికీ దొరకలేదు. మీరు అలా చేయొద్దు. ఇంజన్ నంబరూ చాసిస్ నంబరూ కనిపించేలా ఫోటోలు తీయండి, విప్పిన ప్రతి సామానూ రాయించి సంతకం చేయించుకోండి, ఒక దశ పని కళ్లారా చూశాకే తర్వాతి దశకి డబ్బివ్వండి.

రెండేళ్లు ఆగమంటే ఈలోగా బండి ఇంకా పాడైపోతుందనే టెన్షన్ మీకుంటుంది, ప్రథమ చికిత్సకి అన్న ఆ 3,000 అందుకే. ఈ ఆదివారమే నాగోల్ వెళ్లండి. దాని మీద కప్పిన ప్లాస్టిక్ టార్పాలిన్ తీసేయండి, అది వానని ఆపిన దానికంటే లోపలి చెమ్మని ఎక్కువ పట్టి ఉంచింది. రేకుల కప్పు కిందకి జరిపి, మట్టి తగలకుండా రెండు షాబాద్ బండలు వేసి సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం తీసేయండి, కొత్తది పోయొద్దు, ఇప్పటి ఇథనాల్ పెట్రోల్ ఇంకా తొందరగా చెమ్మ పడుతుంది. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి కొంచెం పోసి, ప్లగ్ చేత్తో బిగించి వదిలేయండి, పది రోజులకోసారి మళ్లీ కాస్త పోయండి. రెండుసార్లు కిక్ కొట్టి చూశానన్నారు, ఇక కొట్టొద్దు. జావాకి కిక్ రాడ్డూ గేర్ రాడ్డూ ఒకటే, పిస్టన్ అతుక్కుని ఉండగా బలవంతంగా తొక్కితే రెండూ పాడవుతాయి. వెళ్లేటప్పుడు అక్క సంతకం కోసం కాగితం పట్టుకెళ్లండి. ఆర్‌సీలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఎంతుందో చూసి నాకు రాయండి, కొన్న ఏడాది 1972 అయినా లెక్కకొచ్చేది ఆ తేదీయే.